ఫైబర్‌లో నాన్‌లీనియర్ వక్రీకరణను అదుపులో పెట్టడం ఎలా: లాంచ్ పవర్ నుంచి డీఎస్పీ దాకా

పవర్ పెంచితే సిగ్నల్ బాగుపడుతుందన్నది చాలామందికి అలవాటైన లెక్క. డీడబ్ల్యూడీఎం (ఒకే ఫైబర్‌లో వేర్వేరు తరంగదైర్ఘ్యాల ఛానళ్లు పంపే) లింక్‌లో అది కొంతవరకే పనిచేస్తుంది. ఒక హద్దు దాటాక 1 డీబీ పెంచితే బీఈఆర్ (తప్పుగా వచ్చే బిట్‌ల నిష్పత్తి) తగ్గకపోగా పెరుగుతుంది, ఎందుకంటే పవర్ ఎక్కువైనకొద్దీ ఫైబరే సిగ్నల్‌ను వక్రీకరిస్తుంది. అదే నాన్‌లీనియర్ వక్రీకరణ. ఆ హద్దు మీ లింక్‌లో ఎక్కడుందో కనుక్కోవడం, దానికి కాస్త ఇవతలే ఉండటం, కుదిరితే ఆ హద్దునే పైకి జరపడం: ఈ మూడు పనులూ వరుసగా ఎలా చేయాలో ఇక్కడ రాస్తున్నాను. డీబీ లెక్కలు, ఈడీఎఫ్ఏ (ఫైబర్ యాంప్లిఫయర్), కోహెరెంట్ రిసీవర్ (కాంతి ఫేజ్‌ను కూడా చదివేది) అంటే ఏమిటో తెలిసినవాళ్లకు ఇది సరిపోతుంది.

ముందు, గాజులో ఏం జరుగుతోంది

మామూలు జి.652 ఫైబర్‌లో (జి. అంకెలు ఫైబర్ రకాల ప్రమాణాల పేర్లు) కాంతి ప్రయాణించే ప్రభావవంతమైన వైశాల్యం దాదాపు 80 చదరపు మైక్రాన్లు. అంత ఇరుకులోకి ఒక మిల్లీవాట్ పంపినా, చదరపు సెంటీమీటరుకు లెక్కగడితే కిలోవాట్ పైమాటే. ఆ తీవ్రతకు గాజు వక్రీభవన గుణకం ఇసుమంత మారుతుంది. 1875లో జాన్ కెర్ విద్యుత్ క్షేత్రంతో గమనించిన ప్రభావానికి ఇది కాంతి రూపం. మార్పు చిన్నదే, కానీ కిలోమీటర్ల పొడవునా పోగుపడుతుంది. ఒక ఛానల్‌లో 1 మిల్లీవాట్ ఉంటే, 80 కిలోమీటర్ల స్పాన్‌లు (యాంప్లిఫయర్‌కు యాంప్లిఫయర్‌కు మధ్య ఫైబర్ భాగాలు) 20 దాటేసరికి తన పవర్ వల్లే తనకు వచ్చే ఫేజ్ మలుపు సుమారు అర రేడియన్.

తన పవర్ తన ఫేజ్‌ను కదిపితే ఎస్‌పీఎం. పక్క ఛానల్ పవర్ కదిపితే ఎక్స్‌పీఎం. మూడు ఫ్రీక్వెన్సీలు కలిసి నాలుగోదాన్ని పుట్టిస్తే ఎఫ్‌డబ్ల్యూఎం. మూడింటికీ మూలం కెర్ ప్రభావమే. వీటికి తోడు గాజు అణువుల కంపనాల వల్ల రామన్, ధ్వని తరంగాల వల్ల బ్రిల్లువన్ స్కాటరింగ్ ఉంటాయి. నేటి కోహెరెంట్ లింక్‌లలో కెర్ వల్ల వచ్చే మొత్తం కల్తీని ఒక అదనపు శబ్దంగా చూస్తే చాలు. దాన్ని ఎన్‌ఎల్‌ఐ అంటారు. యాంప్లిఫయర్ల నుంచి వచ్చే శబ్దం ఏఎస్‌ఈ. ఈ రెండింటి మధ్య సమతూకమే అసలు సబ్జెక్ట్.

1. అది నిజంగా నాన్‌లీనియర్ సమస్యేనా?

బీఈఆర్ పెరిగింది కాబట్టి నాన్‌లీనియర్ అనేయకండి. మురికి కనెక్టర్, వంగిన ప్యాచ్‌కార్డ్, ఫిల్టర్ అంచు కోసేయడం, వయసైపోయిన పంప్ లేజర్... వీటిలో ఏదైనా అదే లక్షణం చూపిస్తుంది. తేల్చుకోవడానికి ఒకే పరీక్ష ఉంది: లాంచ్ పవర్‌ను (స్పాన్ మొదట్లో ఫైబర్‌లోకి పంపే పవర్) అన్ని స్పాన్‌లలో 1 డీబీ తగ్గించి ప్రీ-ఎఫ్‌ఈసీ బీఈఆర్ (తప్పుల సవరణకు ముందున్న బీఈఆర్) చూడండి. మెరుగుపడితే మీరు నాన్‌లీనియర్ వైపు ఉన్నారు. దిగజారితే శబ్దం వైపు ఉన్నారు, ఈ మార్గదర్శిలో సగం మీకు అక్కర్లేదు. పెద్దగా మారకపోతే దాదాపు శిఖరం మీదే ఉన్నారు, లేదా ట్రాన్స్‌సీవర్ సొంత పరిమితే అడ్డొస్తోంది.

ఇంకో గుర్తు: ఓఎస్‌ఏ (స్పెక్ట్రమ్ కొలిచే పరికరం) చూపించే ఓఎస్‌ఎన్‌ఆర్ (కాంతిలో సిగ్నల్‌కు, శబ్దానికి నిష్పత్తి) బాగుంటుంది, రిసీవర్ చెప్పే ఎస్‌ఎన్‌ఆర్ మాత్రం పడిపోతుంది. ఎన్‌ఎల్‌ఐ చాలావరకు ఛానల్ కిందే దాక్కుంటుంది, స్పెక్ట్రమ్‌లో విడిగా కనబడదు. అన్నట్టు, ఛానళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నప్పుడు ఓఎస్‌ఏ వాటి మధ్య లోయలో కొలిచే శబ్దాన్ని నమ్మకండి. ఆ ఛానల్‌ను కాసేపు ఆపి, ఆ చోట మిగిలిన శబ్దాన్ని కొలిస్తేనే అసలు అంకె తెలుస్తుంది.

2. స్పాన్ వివరాలు కాగితం మీదకు తెచ్చుకోండి

ప్రతి స్పాన్‌కూ ఫైబర్ రకం, పొడవు, కొలిచిన నష్టం, యాంప్లిఫయర్ గెయిన్, నాయిస్ ఫిగర్ (యాంప్లిఫయర్ కలిపే శబ్దానికి కొలత) కావాలి. డిజైన్ షీట్‌లో ఉన్నవి కాదు, ఓటీడీఆర్‌తోనూ (ఫైబర్ పొడవునా నష్టం చూపే పరికరం) పవర్ మీటర్‌తోనూ ఈమధ్య కొలిచినవి.

ఎక్కువమంది పట్టించుకోని సంగతి ఒకటుంది. యాంప్లిఫయర్ స్క్రీన్ మీద కనిపించే అవుట్‌పుట్ పవర్, ఫైబర్‌లోకి నిజంగా వెళ్లే పవర్ ఒకటి కావు. మధ్యలో ప్యాచ్‌కార్డ్, ఓడీఎఫ్ (ఫైబర్‌లు కలిపే ఫ్రేమ్), రెండు మూడు కనెక్టర్లు ఉంటాయి. అక్కడ 1 డీబీ పోతే నాన్‌లీనియర్ లెక్కకు మీ లాంచ్ 1 డీబీ తక్కువ. అదే 1 డీబీ స్పాన్ చివర పోతే నాన్‌లీనియర్‌కు ఏమీ మారదు, ఎందుకంటే కెర్ ప్రభావం పవర్ ఎక్కువగా ఉండే మొదటి 20 కిలోమీటర్లలోనే చాలావరకు జరిగిపోతుంది. మొత్తం స్పాన్ నష్టం అంతే ఉన్నా, అది మొదట్లో ఉందా చివర ఉందా అన్నదాన్ని బట్టి సెట్టింగ్ మారుతుంది.

కనెక్టర్లు తుడిచేటప్పుడు జాగ్రత్త. సీ-బ్యాండ్ (1550 నానోమీటర్ల ప్రాంతం) నిండా ఛానళ్లున్న లింక్‌లో 20 డీబీఎం (100 మిల్లీవాట్లు) దాకా పవర్ ఉంటుంది, ఆ కాంతి కంటికి కనబడదు. పవర్ ఆపాకే విప్పండి. దుమ్ముతో ఉన్న కనెక్టర్‌ను ఆ పవర్‌లో బిగిస్తే కొస మాడిపోవచ్చు.

3. లెక్క కట్టండి

ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం, మిగతాదంతా దీనిమీదే నిలబడుతుంది.

ఒక ఉదాహరణ లింక్: జి.652 ఫైబర్, 80 కిలోమీటర్ల స్పాన్‌లు 20, కనెక్టర్లతో కలిపి ఒక్కో స్పాన్ నష్టం 18 డీబీ, నాయిస్ ఫిగర్ 5 డీబీ. 64 గిగాబాడ్ (సెకనుకు 6,400 కోట్ల సింబళ్లు) ఛానళ్లు, 75 గిగాహెర్ట్జ్ దూరంలో, 4.8 టెరాహెర్ట్జ్ సీ-బ్యాండ్ నిండా 64.

ఏఎస్‌ఈ లెక్క సులువు. 12.5 గిగాహెర్ట్జ్ వెడల్పులో మూల శబ్దం మైనస్ 58 డీబీఎం. 64 గిగాహెర్ట్జ్‌కు మారిస్తే 7.1 డీబీ కలపాలి, గెయిన్ 18, నాయిస్ ఫిగర్ 5 కలిపితే ఒక స్పాన్‌కు మైనస్ 27.9 డీబీఎం. 20 స్పాన్‌లకు ఇంకో 13 డీబీ. మొత్తం మైనస్ 14.9 డీబీఎం. లాంచ్ పవర్ ఎంతైనా ఇది మారదు.

ఎన్‌ఎల్‌ఐకి జీఎన్ మోడల్ వాడతాం. టొరినో పాలిటెక్నిక్ బృందం 2010ల మొదట్లో దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చింది. దాని సారం: ఎన్‌ఎల్‌ఐ పవర్, లాంచ్ పవర్ ఘనానికి అనుపాతంలో ఉంటుంది. అంటే అన్ని ఛానళ్లనూ 1 డీబీ పెంచితే ఎన్‌ఎల్‌ఐ 3 డీబీ పెరుగుతుంది. మన లింక్‌లో ఛానల్‌కు 0 డీబీఎం దగ్గర 20 స్పాన్‌ల మొత్తం ఎన్‌ఎల్‌ఐ సుమారు మైనస్ 22 డీబీఎం వస్తుంది. చేత్తో కట్టక్కర్లేదు, టెలికాం ఇన్‌ఫ్రా ప్రాజెక్ట్ వాళ్ల జీఎన్‌పై అనే ఓపెన్ సోర్స్ టూల్ ఈ పనికే ఉంది.

రెండు శబ్దాలనూ కలిపి వేర్వేరు లాంచ్‌ల దగ్గర ఎస్‌ఎన్‌ఆర్ చూస్తే:

- మైనస్ 2 డీబీఎం: 12.7 డీబీ
- 0 డీబీఎం: 14.1 డీబీ
- 1.4 డీబీఎం: 14.5 డీబీ
- 3 డీబీఎం: 13.8 డీబీ
- 5 డీబీఎం: 11.3 డీబీ

శిఖరం 1.4 దగ్గర ఉంది. అక్కడ ఏఎస్‌ఈ సరిగ్గా ఎన్‌ఎల్‌ఐకి రెట్టింపు ఉంటుంది. శిఖరానికి ఎడమ పక్క వాలు నిదానం, కుడి పక్క నిటారు. శబ్దం పూర్తిగా పైచేయిగా ఉన్నప్పుడు 1 డీబీ తగ్గిస్తే 1 డీబీ పోతుంది, నాన్‌లీనియర్ పూర్తిగా పైచేయిగా ఉన్నప్పుడు 1 డీబీ పెంచితే 2 డీబీ పోతుంది. అందుకే లెక్కలో వచ్చిన అంకెకు అర డీబీ కిందే పెట్టండి. దానివల్ల పోయేది 0.1 డీబీ కూడా ఉండదు. పైకి జరిగితే మాత్రం, గెయిన్ కొద్దిగా ఊగినా మూల్యం ఎక్కువ.

ఇంకో ముఖ్యమైన సంగతి: ఈ మోడల్‌లో సరైన లాంచ్ పవర్ స్పాన్‌ల సంఖ్యను బట్టి మారదు. రెండు శబ్దాలూ స్పాన్‌కు ఇంత చొప్పున కలిపి పెరుగుతాయి కాబట్టి, 5 స్పాన్‌లున్నా 20 ఉన్నా అదే 1.4. దూరం పోవాలని లాంచ్ పెంచే అలవాటుంటే మానుకోండి. పెంచాల్సింది స్పాన్ నష్టం ఎక్కువైనప్పుడు. నష్టం 3 డీబీ పెరిగితే లాంచ్ 1 డీబీ పెంచాలి.

4. లైవ్ లింక్ మీద స్వీప్ చేయండి

లెక్క మొదటి అంచనా మాత్రమే. ట్రాఫిక్ తక్కువుండే సమయంలో, అర డీబీ అడుగులతో, శిఖరానికి రెండు పక్కలా కనీసం 2 డీబీ వెళ్లండి. ప్రతి అడుగు దగ్గర కొన్ని నిమిషాలు ఆగి బీఈఆర్ సగటు తీసుకోండి, పోలరైజేషన్ కదలికల వల్ల అంకె ఊగుతూ ఉంటుంది. ఎఫ్‌ఈసీ హద్దుకు ఎంత దగ్గరకు పోవచ్చో ముందే గీత గీసుకోండి. అది తగిలితే వెనక్కి రావడమే.

ఇక్కడ రెండు ఉచ్చులున్నాయి.

మొదటిది రోడమ్, అంటే దారి మధ్యలో ఛానళ్లను దించి, ఎక్కించే స్విచ్. మధ్యలో రోడమ్ ఉంటే అది ప్రతి ఛానల్‌నూ తన సెట్‌పాయింట్‌కు తెచ్చేస్తుంది. మీరు ట్రాన్స్‌మిటర్ దగ్గర 1 డీబీ పెంచినా మొదటి రోడమ్ దాటాక ఆ పెంపు మాయమవుతుంది. బీఈఆర్ కదల్లేదని లింక్ శిఖరం మీదుందనుకుంటే తప్పు. ప్రతి డిగ్రీలోనూ (రోడమ్ నుంచి వెళ్లే ప్రతి ఫైబర్ దిశలోనూ) సెట్‌పాయింట్ మార్చాలి.

రెండోది ఇంకా మోసకారి. ఒక్క ఛానల్‌నే పైకీ కిందకీ కదిపి శిఖరం వెతకడం. ఎక్స్‌పీఎం వల్ల మీ ఛానల్‌కు జరిగే నష్టం, సిగ్నల్‌తో పోల్చి చూస్తే, పక్క ఛానళ్ల పవర్‌ను బట్టి ఉంటుంది. మీ సొంత పవర్ పెంచితే ఆ నిష్పత్తి మారదు. కాబట్టి ఒంటరి స్వీప్‌లో శిఖరం అసలు కంటే పైన కనిపిస్తుంది, మీ ఛానల్ బాగుపడుతుంది, దాని ఖర్చు పక్కవాళ్ల బీఈఆర్‌లో తేలుతుంది. ఒక్కొక్క సర్వీసు టీమ్ తన ఛానల్‌ను మాత్రమే చూసుకుంటూ పోతే చివరికి లింక్ మొత్తం పైకి పాకి అందరికీ నష్టం. అన్ని ఛానళ్లనూ కలిపి కదపండి. అది కుదరకపోతే, కదిపిన ఛానల్‌తో పాటు అటూ ఇటూ ఉన్న ఛానళ్ల బీఈఆర్ కూడా రాసుకోండి.

5. ఒకే అంకె అన్ని స్పాన్‌లకూ పెట్టకండి

పాత నెట్‌వర్క్‌లలో ఒకే రూట్‌లో జి.652, జి.655 కలిసి ఉండటం మామూలే. జి.655లో డిస్పర్షన్ (తరంగదైర్ఘ్యాన్ని బట్టి కాంతి వేగం మారడం) తక్కువ, నానోమీటరుకు, కిలోమీటరుకు సుమారు 4 పికోసెకన్లు, జి.652లో 17. తక్కువ డిస్పర్షన్ అంటే ఛానళ్లు ఒకదాని పక్కన ఒకటి ఎక్కువసేపు కలిసి నడుస్తాయి, కలహం ఎక్కువ. కాబట్టి జి.655 స్పాన్‌కు లాంచ్ సుమారు 2 డీబీ తక్కువ పెట్టాలి. ప్రతి స్పాన్‌నూ విడిగా, దాని యాంప్లిఫయర్ ఏఎస్‌ఈ దాని ఎన్‌ఎల్‌ఐకి రెట్టింపు ఉండేలా సర్దితే లింక్ మొత్తం దాదాపు సర్దుకున్నట్టే.

జి.653 ఉంటే కథ వేరు. దాని జీరో డిస్పర్షన్ 1550 నానోమీటర్ల దగ్గరే పడుతుంది, అంటే సీ-బ్యాండ్ నడిమధ్యలో. సమాన దూరంలో ఉన్న ఛానళ్ల ఎఫ్‌డబ్ల్యూఎం ఫలితాలు నేరుగా ఇతర ఛానళ్ల మీద వచ్చి కూర్చుంటాయి. మూడు ఛానళ్లకు 9 కొత్త టోన్లు, 8 ఛానళ్లకు 224. పవర్ సర్దుబాటుతో దీన్ని గెలవలేరు. ఎల్-బ్యాండ్‌కు (సీ-బ్యాండ్‌కు పైనున్న తరంగదైర్ఘ్యాలు) మారండి, లేదంటే అసమాన దూరాలు పెట్టి తక్కువ ఛానళ్లతో నడపండి.

తరువాత టిల్ట్, అంటే బ్యాండ్ ఒక కొస నుంచి మరో కొసకు పవర్ వాలడం. 1928లో సి.వి. రామన్ ప్రకటించిన ప్రభావం ఇక్కడ తక్కువ తరంగదైర్ఘ్యపు ఛానళ్ల నుంచి ఎక్కువ తరంగదైర్ఘ్యపు ఛానళ్లకు పవర్ తరలిస్తుంది. మన ఉదాహరణలో మొత్తం పవర్ 19.5 డీబీఎం, ఒక్క స్పాన్‌లో బ్యాండ్ రెండు కొసల మధ్య తేడా సుమారు 1.1 డీబీ. సీ, ఎల్ బ్యాండ్‌లు రెండూ నింపితే వెడల్పూ రెట్టింపు, పవరూ రెట్టింపు, తేడా నాలుగింతలకు చేరుతుంది. సర్దకపోతే ఇది స్పాన్ స్పాన్‌కూ పేరుకుని, ఒక కొసన శబ్దం, మరో కొసన నాన్‌లీనియర్. ఈడీఎఫ్ఏ టిల్ట్ సెట్టింగ్‌తో ప్రతి స్పాన్‌లోనూ, రోడమ్ దగ్గర ఈక్వలైజేషన్‌తో దీన్ని తిప్పికొట్టాలి.

6. పాత సామాను, చెడ్డ ఇరుగుపొరుగు

10జీ ఛానళ్లు (సెకనుకు 10 గిగాబిట్ల పాత ఆన్-ఆఫ్ రకం) కోహెరెంట్ ఛానళ్లతో ఒకే ఫైబర్‌లో ఉంటే, వాటి తీవ్రత ఆన్-ఆఫ్ అవుతున్న ప్రతిసారీ పక్కనున్న కోహెరెంట్ ఛానల్ ఫేజ్ వణుకుతుంది. రెండు గుంపుల మధ్య ఖాళీ వదలండి, 10జీ పవర్‌ను అవసరమైనంతకే దించండి. అన్నిటికంటే మేలు, వాటిని తీసేయడమే.

లైన్‌లో డీసీఎంలు (డిస్పర్షన్‌ను సరిదిద్దే పాత మాడ్యూళ్లు) ఇంకా ఉన్నాయా? వాటిలోని ఫైబర్ ప్రభావ వైశాల్యం 20 చదరపు మైక్రాన్ల ప్రాంతంలో ఉంటుంది, అంటే తక్కువ పవర్‌కే నాన్‌లీనియర్ అవుతుంది. పైగా డిస్పర్షన్‌ను ప్రతి స్పాన్‌కూ సున్నా చేస్తే ఛానళ్ల వక్రీకరణ ఒకే దిశలో పోగుపడుతుంది. అన్నీ కోహెరెంట్ ఛానళ్లే అయితే డీసీఎంలను పీకేయండి. డిస్పర్షన్ సంగతి రిసీవర్ డీఎస్పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్) చూసుకుంటుంది. ఇన్నేళ్లూ శత్రువనుకున్న డిస్పర్షనే ఇక్కడ మన పక్షం.

బ్రిల్లువన్ గురించి రెండు మాటలు చాలు. సన్నటి గీతలాంటి లేజర్‌కు కొన్ని మిల్లీవాట్లు దాటగానే కాంతి దాదాపు 11 గిగాహెర్ట్జ్ జరిగి వెనక్కి వస్తుంది. 64 గిగాబాడ్ సిగ్నల్‌లో పవర్ వెడల్పుగా పరుచుకుని ఉంటుంది కాబట్టి బెడద లేదు. మాడ్యులేషన్ లేని పైలట్ టోన్, అనలాగ్ వీడియో లింక్ ఉన్నచోట మాత్రం లేజర్‌కు డిథర్ వేసి (ఫ్రీక్వెన్సీని కొద్దిగా ఊపి) గీతను వెడల్పు చేయాలి.

7. శిఖరాన్నే పైకి జరపాలంటే

ఇప్పటిదాకా చేసింది ఉన్నదాన్ని సర్దడం. ఇంకా ఎస్‌ఎన్‌ఆర్ కావాలంటే డబ్బు ఎక్కడ పెట్టాలన్నదానికి ఒక నిక్కచ్చి లెక్క ఉంది. లాంచ్‌ను ప్రతిసారీ కొత్త శిఖరానికి సర్దుకుంటే, ఏఎస్‌ఈని 3 డీబీ తగ్గించినప్పుడు ఎస్‌ఎన్‌ఆర్ 2 డీబీ పెరుగుతుంది. ఎన్‌ఎల్‌ఐని 3 డీబీ తగ్గించినప్పుడు పెరిగేది 1 డీబీయే. నాన్‌లీనియర్ సమస్యకు మందు కొనేటప్పుడు కూడా ముందు శబ్దాన్నే తగ్గించాలన్నది నా గట్టి అభిప్రాయం. చెడ్డ స్ప్లైస్‌లు (ఫైబర్ అతుకులు) సరిచేయడం, అరిగిన కనెక్టర్లు మార్చడం అన్నిటికంటే చవక. తరువాత రామన్ యాంప్లిఫికేషన్: ఫైబర్‌లోనే గెయిన్ వస్తుంది కాబట్టి సిగ్నల్ అంత అట్టడుగుకు పడదు, నాయిస్ ఫిగర్ గణనీయంగా తగ్గుతుంది, లాంచ్ దించుకోవచ్చు.

కొత్త ఫైబర్ వేసే అవకాశం ఉంటే జి.654.ఇ చూడండి. 125 చదరపు మైక్రాన్ల రకం తీసుకుంటే వైశాల్యం పెరగడం వల్ల ఎన్‌ఎల్‌ఐ సుమారు 3.9 డీబీ తగ్గుతుంది, అంటే 1.3 డీబీ లాభం. కిలోమీటరుకు నష్టం 0.2 నుంచి 0.17కు దిగితే 80 కిలోమీటర్లకు 2.4 డీబీ మిగులు, దానివల్ల ఇంకో 1.6. నష్టం తక్కువైతే పవర్ ఎక్కువ దూరం నిలబడి ఎన్‌ఎల్‌ఐ కాస్త పెరుగుతుంది, అదొక 0.2 తీసేయండి. మొత్తం 2.7 డీబీ ప్రాంతం. తవ్వకం ఎలాగూ జరుగుతున్నచోట ఇది కళ్లు మూసుకుని తీసుకోదగ్గ నిర్ణయం. ఉన్న ఫైబర్‌ను పీకి వేయడానికి మాత్రం కాదు.

8. డీఎస్పీ నుంచి ఎంత ఆశించవచ్చు

డిజిటల్ బ్యాక్ ప్రాపగేషన్ ఆలోచన అందంగా ఉంటుంది. కెర్ ప్రభావం సమీకరణం తెలుసు కాబట్టి, వచ్చిన సిగ్నల్‌ను కంప్యూటర్‌లో ఫైబర్‌కు వ్యతిరేక దిశలో నడిపిస్తే వక్రీకరణ విడిపోవాలి. చిక్కేమిటంటే, రిసీవర్ చేతిలో ఉన్నది తన ఛానల్ మాత్రమే. బ్యాండ్ నిండినప్పుడు ఎన్‌ఎల్‌ఐలో తన సొంత వాటా మన ఉదాహరణలో నాలుగో వంతు. దాన్ని పూర్తిగా తుడిచేసినా ఎన్‌ఎల్‌ఐ 1.25 డీబీ తగ్గుతుంది, చేతికొచ్చే ఎస్‌ఎన్‌ఆర్ 0.4 డీబీ. ఆ 0.4 కోసం చిప్ తాగే కరెంటు, పుట్టే వేడి చూశాక నిర్ణయించుకోండి. ఛానళ్లు తక్కువున్న లింక్‌లో సొంత వాటా ఎక్కువ కాబట్టి అక్కడ అర్థం ఉంది.

దీనికంటే చవకైనవి రెండున్నాయి. ఒకటి, క్యారియర్ ఫేజ్ రికవరీని (ఫేజ్ ఊగడాన్ని రిసీవర్ సరిచేసే భాగం) ట్యూన్ చేయడం. ఎక్స్‌పీఎం వల్ల వచ్చే ఫేజ్ శబ్దంలో కొంత భాగం నిదానంగా కదులుతుంది, సగటు తీసే కిటికీ పొడవు సరిగ్గా ఉంటే ఆ భాగాన్ని రిసీవర్ వెంటాడి పట్టుకోగలదు. రెండోది, ఒక వెడల్పాటి ఛానల్‌ను కొన్ని డిజిటల్ సబ్‌క్యారియర్లుగా విడగొట్టడం. డిస్పర్షన్‌ను లైన్‌లో సరిదిద్దని పొడవైన లింక్‌లలో ఒక్కో సబ్‌క్యారియర్ కొన్ని గిగాబాడ్‌ల దగ్గర ఉంటే ఎన్‌ఎల్‌ఐ కాస్త తగ్గుతుంది. కాన్‌స్టెలేషన్ షేపింగ్ (తక్కువ పవర్ సింబళ్లను ఎక్కువసార్లు పంపే పద్ధతి) వాడుతుంటే ఒక మాట గుర్తుంచుకోండి: షేపింగ్ చేసిన సిగ్నల్ కొంచెం ఎక్కువ ఎన్‌ఎల్‌ఐ పుట్టిస్తుంది. నికరంగా లాభమే, కానీ షేపింగ్ ఆన్ చేశాక లాంచ్ స్వీప్ మళ్లీ చేయాలి.

9. నిండిన లింక్‌గా ఊహించి సెట్ చేయండి

మొదటి రోజు 6 ఛానళ్లే వెలుగుతాయి. వాటితో వెతికిన శిఖరం పైన ఉంటుంది. ఏడాది తర్వాత 60 అయ్యేసరికి ఎక్స్‌పీఎం, టిల్ట్ రెండూ మీద పడతాయి, అప్పుడు ఒక్కొక్కటిగా బీఈఆర్ అలారాలు మొదలు. ఖాళీ చోట్లను ఏఎస్‌ఈ డమ్మీ ఛానళ్లతో నింపి, ఆ స్థితిలోనే స్వీప్ చేయండి. దీనివల్ల ఇంకో లాభం: ఎగువన ఎక్కడో ఫైబర్ తెగి సగం ఛానళ్లు పోయినా డమ్మీలు ఆ చోటు భర్తీ చేస్తాయి, మిగిలినవాటి పవర్, టిల్ట్ ఒక్కసారిగా ఎగరవు.

స్వీప్ ఫలితాలను స్పాన్‌ల వారీగా, తేదీతో దాచండి. ఫైబర్ తెగి అతికించిన ప్రతిసారీ ఆ స్పాన్ నష్టం మళ్లీ కొలవండి. కొత్త స్ప్లైస్ మొదటి 20 కిలోమీటర్లలో పడితే లాంచ్ కొద్దిగా పెంచుకోవచ్చు. చివర్లో పడినా నష్టాన్ని బట్టి పెంచాలి, కానీ 3 డీబీకి 1 డీబీ లెక్కనే. మిగతా స్పాన్‌ల సెట్టింగ్‌ల జోలికి వెళ్లక్కర్లేదు.